గ్లిజరిన్‌లో కలపగానే సిలికా నానో కణాలు కనిపించకుండా పోయాయి, కరిగిపోయినట్టేనా?

వాల్తేరు_విద్యార్థి:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం స్టోబర్ పద్ధతిలో సిలికా కణాలు తయారు చేస్తున్నాను. ఇథనాల్, నీళ్లు, అమ్మోనియా కలిపి అందులో టీఈఓఎస్ (సిలికాగా మారే ద్రవ రసాయనం) పోసి తిప్పుతూ ఉంచే మామూలు పద్ధతే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే వ్యాసం దాదాపు 200 నానోమీటర్లు ఉంది, గుండ్రంగా, ఒకే సైజులో బాగా వచ్చాయి. ఇథనాల్‌లో ఉన్నంతసేపు చిక్కటి తెలుపు, ఆరబెడితే ఇంకా తెల్లటి పొడి.

కణాలు తొందరగా అడుక్కి దిగిపోకుండా ఉంటాయని కొంచెం తీసి గ్లిజరిన్‌లో కలిపాను. బాగా కలిసేసరికి తెలుపంతా పోయింది! సీసా వెనక కాగితం పెడితే దాని మీద అక్షరాలు చదవగలుగుతున్నాను. డీఎల్ఎస్ మెషీన్‌లో (చెదిరిన వెలుగును బట్టి కణాల సైజు చెప్పేది) పెడితే కౌంట్ రేటు బాగా పడిపోయింది, సైజు అని అర్థంలేని అంకెలు ఇస్తోంది. ల్యాబ్‌లో ఒక సీనియర్ కరిగిపోయి ఉంటాయి అంటున్నారు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

నిజంగా కరిగిపోయాయా? కరగకపోతే, చుట్టూ ఉన్న ద్రవం మారితే కణం వెలుగును చెదరగొట్టే తీరు ఇంతగా ఎందుకు మారుతుంది? కణం అదే కదా, సైజూ అదే కదా.


కొల్లాయిడ్_కబుర్లు:

కరగలేదండీ, అన్నీ అక్కడే ఉన్నాయి. గది వేడిలో గ్లిజరిన్‌లో కలిపిన కాసేపటికే కరిగిపోయే పదార్థం కాదు సిలికా.

కణానికీ దాని చుట్టూ ఉన్న ద్రవానికీ వక్రీభవన గుణకం (వెలుగు ఆ పదార్థంలో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) దాదాపు ఒకటే అయిపోయింది, అంతే. వెలుగు చెదరాలంటే దారిలో ఏదో ఒక తేడా తగలాలి. స్టోబర్ సిలికా గుణకం తయారీని బట్టి 1.43 నుంచి 1.46 దాకా ఉంటుంది. ఇథనాల్‌ది 1.36, నీళ్లది 1.33, గ్లిజరిన్‌ది 1.47, గాలిది 1. మీ కణం 1.45 అనుకుందాం. ఇథనాల్‌తో తేడా 0.09, గ్లిజరిన్‌తో తేడా 0.02. ఈ తేడాలు ఇలా చిన్నవిగా ఉన్నప్పుడు చెదిరే వెలుగు తేడా వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఇథనాల్‌లోకంటే గ్లిజరిన్‌లో సుమారు 15 నుంచి 20 రెట్లు తక్కువ. కణం గుణకం 1.46 అయితే ఆ తగ్గుదల 50 రెట్లు దాటిపోతుంది. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె జరిగితే ఫలితం ఇంత మారుతుందన్నది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. పైగా మీరు ఇథనాల్‌తో సహా పోశారు, గ్లిజరిన్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది, ఈ రెండూ 1.47ను కిందికి లాగి సరిగ్గా సిలికా దగ్గరికి తెచ్చి ఉంటాయి. ఆరిన పొడి అంత తెల్లగా ఉండటానికి కారణం కణాల మధ్య గాలి, అక్కడ తేడా 0.45.

నమ్మకం కుదరాలంటే ఆ సీసాలోంచి కొంచెం తీసి చుక్కచుక్కగా నీళ్లు పోయండి. నీళ్లు పోస్తే పలచబడాలి, కానీ తెలుపు పెరుగుతుంది! కరిగిపోయిన పదార్థమైతే అలా వెంటనే తిరిగి రాదు. తరవాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున మీ సిలికా మీకు దొరుకుతుంది.

ఇంకో మాట, రివ్యూ కోసం భయపడుతున్న విషయాన్నే ఫలితంగా చూపించవచ్చు మీరు. నీళ్లు, గ్లిజరిన్ వేరువేరు పాళ్లలో కలిపి ఒక వరస చేసుకోండి, అన్నింట్లోనూ సిలికా మోతాదు ఒకటే ఉంచండి. ఒక్కోదాని గుణకం రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకుని, యూవీ-విజిబుల్ మెషీన్‌లో 600 నానోమీటర్ల దగ్గర మసక ఎంతుందో కొలవండి. ఆ మసకకు వర్గమూలం తీసి ద్రవం గుణకానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది, సున్నాని తాకే చోటే మీ కణం గుణకం. బరువు ప్రకారం 85 శాతం గ్లిజరిన్ ఉన్న మిశ్రమం 1.45 దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ చుట్టుపక్కల ఎక్కువ బిందువులు తీసుకోండి. మసక పూర్తిగా సున్నా కాదు, అన్ని కణాలూ లోపల ఒకేలా ఉండవు, దుమ్ము కూడా ఉంటుంది. స్టోబర్ సిలికాలో సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి నీళ్లలాంటి చిన్న అణువులు దూరతాయి, అంటే ద్రవాన్ని బట్టి కణం గుణకం కూడా కాస్త మారుతుంది. రిపోర్టులో ఈ మాట తప్పకుండా రాయండి.

జెల్ టూత్‌పేస్టు అంత తేటగా ఉండటం వెనక ఉన్నదీ ఇదే. అందులో పళ్లు రుద్దే సిలికా బోలెడు ఉంటుంది, చుట్టూ ఉన్న సార్బిటాల్, గ్లిజరిన్, నీళ్ల పాళ్లను సిలికా గుణకానికి సరిపోయేలా కుదురుస్తారు.


రంగుల_కెమిస్ట్:

పై సమాధానం పూర్తిగా సరైనది. నేను పెయింట్ల వైపు నుంచి చెబుతాను, మా పనంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

గోడకు సున్నం వేయడం చూసే ఉంటారు. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే ఉంటుంది, పాత మరకలన్నీ కనిపిస్తూనే ఉంటాయి, ఆరేకొద్దీ గోడ తెల్లబడుతుంది. కొత్తవాళ్లు సరిపోలేదేమోనని తడి మీదే ఇంకో పూత వేసేస్తారు. సున్నం, అది గాలి తగిలి మారే కాల్షియం కార్బొనేట్, రెండింటి గుణకం 1.6 చుట్టుపక్కల. కణాల మధ్య నీళ్లు ఉన్నంతసేపు తేడా 0.27 మాత్రమే, నీళ్లు పోయి గాలి చేరగానే అది 0.6 అవుతుంది. అదే కాల్షియం కార్బొనేట్‌ను నూనెలోనో రెజిన్‌లోనో కలిపితే, వాటి గుణకం 1.5, తేడా దాదాపు ఏమీ మిగలదు, తెల్ల పొడి కాస్తా మసక పుట్టీ అయిపోతుంది. అందుకే డిస్టెంపర్‌లో తెల్లగా పనిచేసే పొడి ఆయిల్ పెయింట్‌లో వట్టి ఫిల్లర్‌గా మిగిలిపోతుంది.

రెజిన్‌లో కూడా తెల్లగా ఉండాలంటే టైటానియం డయాక్సైడ్ (టైటానియా) కావాలి. అందులో రూటైల్ రకానికి గుణకం 2.7, రెజిన్ ఎంత చుట్టుముట్టినా తేడా 1.2 మిగులుతుంది. కణం సైజు 200 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉంచుతారు, కంటికి కనిపించే వెలుగును ఎక్కువగా చెదరగొట్టేది ఆ సైజే.

చుట్టూ ఉన్న యానకం అంటే ద్రవం ఒక్కటే కాదు, పక్క కణాలు కూడా. పెయింట్‌లో టైటానియా పాలు పెంచుకుంటూ పోతే ఒక దశ తరవాత కప్పే శక్తి పెరగడం మందగిస్తుంది, ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కణాలు మరీ దగ్గరికి చేరి ఒకదాని చుట్టూ ఉండాల్సిన రెజిన్ చోటును ఇంకోటి ఆక్రమిస్తుంది, విడివిడిగా చెదరగొట్టడం మానేస్తాయి. ఇంకా పొడి పెంచితే రెజిన్ చాలక మధ్యలో గాలి గదులు ఏర్పడి మళ్లీ తెలుపు పెరుగుతుంది. చవక రంగుల్లో ఆ తెలుపునే నమ్ముకుంటారు. కానీ అలాంటి గోడను తడిపితే గాలి చోటులోకి నీళ్లు వెళ్లి మరకలు తేలతాయి, రుద్దితే పొడి రాలుతుంది. నాకైతే అది కొనేవాళ్లకు చేసే అన్యాయమే అనిపిస్తుంది, డబ్బా మీద ఈ సంగతి ఎవరూ చెప్పరు.


వాల్తేరు_విద్యార్థి:

నీళ్లు పోసి చూశాను, తెలుపు తిరిగి వచ్చింది! కొల్లాయిడ్ గారికీ కెమిస్ట్ గారికీ చాలా థాంక్స్, రాత్రి హాయిగా పడుకోవచ్చు. సీనియర్‌కి కూడా చూపించాను, ఆయనే ఇప్పుడు వరస కొలతలకు సాయం చేస్తానన్నారు.

ఇంకో డౌట్. తేడా తగ్గితే చెదరడం తగ్గుతుంది, దీన్ని సూత్రంగా రాసుకోవచ్చా? అంటే ఏ కణాన్నైనా గాలిలోంచి నీళ్లలోకి తెస్తే చెదిరే వెలుగు తప్పకుండా తగ్గాల్సిందేనా? మా పక్క బెంచీలో టైటానియా 20 నానోమీటర్ల కణాలతో పనిచేస్తున్నారు, వాళ్లకూ ఇదే చెప్పాలని.


లెక్క_చేసి_చూద్దాం:

అలా రాసుకోవద్దు, అది అన్ని కణాలకూ వర్తించదు. పుస్తకాలు ఈ చోట తొందరగా దాటేస్తాయి, కానీ యానకం అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే అని నా అభిప్రాయం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్న కణాలకు, చెదిరే వెలుగును లెక్కగట్టే రేలీ సూత్రం సరిపోతుంది. అందులో యానకం రెండు చోట్ల దూరుతుంది. ఒకటి మీరు అన్న తేడా: కణం గుణకాన్ని యానకం గుణకంతో భాగిస్తే వచ్చేదాన్ని ఎమ్ అంటే, ఎమ్ వర్గంలోంచి ఒకటి తీసేసి, దాన్ని ఎమ్ వర్గానికి రెండు కలిపినదానితో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేయాలి. రెండోది తరంగదైర్ఘ్యం. నీళ్లలో వెలుగు తరంగం 1.33 రెట్లు కురచ అవుతుంది, చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమం కాబట్టి అక్కడ 3.1 రెట్లు పెరుగుతుంది. ఒకటి కిందికి లాగుతుంది, ఇంకోటి పైకి లాగుతుంది. ఏది గెలుస్తుందన్నది కణం గుణకాన్ని బట్టి ఉంటుంది.

సిలికాకు 1.46 వేసి చూడండి. గాలిలోంచి నీళ్లలోకి వస్తే తేడా వల్ల 18 రెట్లు తగ్గాలి, కురచ తరంగం వల్ల 3.1 రెట్లు పెరుగుతుంది, చివరికి 6 రెట్ల తగ్గుదల. ఇప్పుడు టైటానియాకు 2.7 వేయండి. తేడా వల్ల తగ్గేది 1.76 రెట్లు మాత్రమే, కురచ తరంగం వల్ల 3.1 రెట్లు పెరుగుతుంది, అంటే మొత్తం మీద దాదాపు 1.8 రెట్లు ఎక్కువ చెదరగొడుతుంది! మీ పక్క బెంచీవాళ్ల 20 నానోమీటర్ల కణం ఒంటరిగా నీళ్లలో ఉంటే, గాలిలో ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువ చెదరగొడుతుంది. రెండు చోట్లా కణం మీద పడే వెలుగు తీవ్రత ఒకటే అనుకుని చేసిన లెక్క ఇది.

ఆ సూత్రంలో శిఖరం ఎక్కడ వస్తుందో కలనగణితంతో కనుక్కోవచ్చు, రెండు లైన్ల పని. యానకం గుణకం కణం గుణకంలో 0.605 వంతు ఉన్నప్పుడు చెదరడం అత్యధికం. టైటానియాకు అది 1.63 దగ్గర, అంటే నీళ్లను దాటి చిక్కటి నూనెల దాకా పెరుగుతూనే ఉంటుంది. సిలికాకు 0.88 దగ్గర, గాలి కంటే కింద, కాబట్టి మామూలు ద్రవాల్లో ఎందులో వేసినా గాలిలోకంటే తక్కువే. కణం గుణకం 1.65 కంటే ఎక్కువైతే శిఖరం గాలి గుణకానికి పైన వస్తుంది, తక్కువైతే కింద వస్తుంది.

కెమిస్ట్ గారు చెప్పిన 250 నానోమీటర్ల పిగ్మెంట్‌కు మాత్రం ఇది వర్తించదు, అక్కడ రేలీ చాలదు, గుస్తావ్ మీ (Mie) అనే శాస్త్రవేత్త 1908లో ఇచ్చిన పూర్తి పరిష్కారం వాడాలి. మీ సిలికా కణం 200 నానోమీటర్లు కాబట్టి దానికీ రేలీ చాలదు, కాకపోతే తేడా బాగా చిన్నది కాబట్టి కొల్లాయిడ్ గారు వాడిన తేడా-వర్గం లెక్క దానికి సరిపోతుంది.

ఆ గుస్తావ్ మీ సిద్ధాంతం ప్రోగ్రాం నడిపేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములు శూన్యంలో తరంగదైర్ఘ్యం అడుగుతాయి, కొన్ని యానకంలోది అడుగుతాయి. అది చూసుకోకుండా ఇస్తే యానకం గుణకం రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు, అంకెలు మాత్రం నమ్మదగినట్టే కనిపిస్తాయి. గుణకం తేడా లేని కణం ఇచ్చి సున్నా వస్తుందో లేదో చూడండి, తరవాత బాగా చిన్న కణం ఇచ్చి రేలీ అంకెతో పోల్చండి, ఆ రెండూ కుదిరాకే ముందుకు వెళ్లండి.

మీరు వాల్తేరు అన్నారు కాబట్టి చెబుతున్నాను, రామన్ గారితో కలకత్తాలో పనిచేసిన సూరి భగవంతం గారు మీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే భౌతికశాస్త్రం చెప్పారు, కాంతి పరిక్షేపణం మీద ఆయన 1940లో పుస్తకం కూడా రాశారు. మీ బెంచీ దగ్గరి ప్రశ్నకు ఆ ఊళ్లో చాలా పాత వేళ్లున్నాయి.


సిలికాన్_కణం:

సిలికా అయింది, టైటానియా అయింది, సిలికాన్ కూడా చేరిస్తే బొమ్మ పూర్తవుతుంది. నా పీహెచ్‌డీ దీని మీదే కాబట్టి ఆగలేకపోతున్నాను.

సిలికాన్ గుణకం కనిపించే వెలుగులో 4 చుట్టుపక్కల. ఇంత ఎక్కువ ఉంటే వెలుగు తరంగం కణం లోపలే కుదించుకుపోయి దాని వ్యాసంలో పడుతుంది, 150 నానోమీటర్ల కణంలో 600 నానోమీటర్ల వెలుగు తిరుగుతూ అనునాదం చెందుతుంది. అలా తిరిగే విద్యుత్ క్షేత్రం ఒక చిన్న అయస్కాంతంలా పనిచేస్తుంది, దాన్ని అయస్కాంత ద్విధ్రువ అనునాదం అంటారు. ఇంకాస్త తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర విద్యుత్ ద్విధ్రువ అనునాదం ఉంటుంది. 2012లో రెండు బృందాలు కనిపించే వెలుగులో దీన్ని ప్రయోగంలో చూపించాయి. డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోప్‌లో చూస్తే సైజును బట్టి ఒక్కో కణం నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో వెలుగుతుంది. ఏ అద్దకమూ లేదు, వట్టి సిలికాన్ ఒక్కటే.

ఈ కణం మీద నీళ్లో నూనెనో పోస్తే ఆ రెండు అనునాదాలూ ఒకే రకంగా స్పందించవు. అయస్కాంత అనునాదంలో క్షేత్రం ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది, బయట ఏముందో దానికి అంత పట్టదు, చోటు దాదాపు మారదు, కాస్త వెడల్పవుతుంది. విద్యుత్ అనునాదం క్షేత్రం బయటికి చాచుకుని ఉంటుంది, అది ఎరుపు వైపు జరుగుతుంది, బాగా వెడల్పవుతుంది. దాంతో గాలిలో విడివిడిగా ఉన్న శిఖరాలు ద్రవంలో ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఇవి కలిసిపోతే రంగు ఒక్కటే కాదు, వెలుగు వెళ్లే దిక్కు కూడా మారుతుంది. రెండు ద్విధ్రువాలూ సమాన బలంతో ఒకే దశలో ఊగితే వెనక్కి వచ్చే వెలుగు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంతా ముందుకే పోతుంది. 1983లో కర్కర్, ఆయన సహచరులు అయస్కాంత గుణం ఉన్న గోళాలకు ఊహించి చెప్పిన షరతు ఇది, సిలికాన్ కణాలతో 2013లో కనిపించే వెలుగులో కొలిచారు. కాబట్టి యానకం మార్చినప్పుడు మైక్రోస్కోప్‌లో వెలుగు తగ్గిందంటే మొత్తం చెదరడమే తగ్గిందని అనుకోకండి, అది మీ లెన్సు లేని వైపు వెళ్లిపోయి ఉండవచ్చు. గాజు పలక మీద పెట్టిన కణమైతే, ఎక్కువ గుణకం ఉన్న గాజు వైపుకే చెదిరే వెలుగు ఎక్కువగా పోతుంది. పైనుంచి చూసేవాళ్లకు అందేది అందులో కొంత భాగమే.


వాల్తేరు_విద్యార్థి:

అందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. టైటానియా లెక్క పక్క బెంచీవాళ్లకు చూపించాను, వాళ్లూ కూర్చుని చేశారు, 1.8 వచ్చింది. చివరగా ఒకటే, డీఎల్ఎస్ సంగతి. సరిగ్గా మ్యాచ్ అవ్వని పాళ్లలో గ్లిజరిన్ వాడితే సైజు సరిగ్గా వస్తుందా?


కొల్లాయిడ్_కబుర్లు:

డీఎల్ఎస్‌కు గ్లిజరిన్ అసలు వద్దండీ. కౌంట్ రేటు పడిపోవడం సగం కథ మాత్రమే. ఆ మెషీన్ కణం ఎంత వేగంగా కదులుతోందో చూసి సైజు చెబుతుంది, గ్లిజరిన్ స్నిగ్ధత గది వేడిలో ఇథనాల్ కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. కణం అంతే రెట్లు నెమ్మదిగా కదులుతుంది, మామూలుగా పెట్టే కొలత సమయం దానికి చాలదు. పైగా తేమ పీలిస్తే స్నిగ్ధత మారిపోతుంది, మీరు మెషీన్‌లో వేసిన అంకె తప్పవుతుంది. గుణకం, స్నిగ్ధత రెండూ ద్రవానికి తగ్గట్టు వేయాలి, చాలామంది నీళ్ల అంకెలు అలాగే వదిలేస్తారు.

200 నానోమీటర్ల సిలికా ఇథనాల్‌లో దిగేది రోజుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున, కాబట్టి అడుక్కి దిగిపోతాయన్న భయం కొలతకు అడ్డం కాదు. ఇథనాల్‌లోనే బాగా పలచన చేసి కొలవండి, కొంచెం మసక మిగిలితే చాలు, చిక్కగా ఉంటే ఒక కణం చెదరగొట్టిన వెలుగు ఇంకోదానికి తగిలి సైజు తక్కువ చూపిస్తుంది. గ్లిజరిన్ వరసను గుణకం కనుక్కోవడానికి మాత్రం ఉంచుకోండి. అక్కడ సీసాలన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉండేలా చూడండి, వేడెక్కితే ద్రవం గుణకం సిలికా కంటే ఎక్కువగా తగ్గుతుంది, సరిగ్గా మ్యాచ్ అయిన సీసా మధ్యాహ్నానికి మళ్లీ మసకబారవచ్చు.